నల్ల పూత కింది ఉక్కు

అమెరికాలో సైనికులూ వేటగాళ్లూ అడవిలో మకాం వేసేవాళ్లూ వాడే కత్తుల్లో చాలావాటి అలుగు నల్లగా ఉంటుంది. ఆ నలుపు ఉక్కు సహజ రంగు కాదు, పైన వేసిన పూత. కొన్నాళ్లు కట్టెలు చీల్చాక అది అక్కడక్కడ గీరుకుపోతుంది, వాదర పక్కన పెచ్చులూడుతుంది. ఉల్లిపాయ కోయబోతే ముక్కను పట్టుకుని వదలదు. అప్పుడు కత్తి ఉన్నవాళ్లకు ఈ పూతంతా తీసేసి, కింది ఉక్కును రుద్ది, నచ్చినట్టు మెరుగు పెట్టుకుందామనిపిస్తుంది. ఈ పని ఇష్టంగా చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, చేయొద్దని గట్టిగా చెప్పేవాళ్లూ ఉన్నారు. రెండు పక్షాల వాదనలూ, దీని వెనకున్న రసాయనశాస్త్రమూ, చేతిపనీ అన్నీ కలిపి చూస్తే నాకు ఒక సంగతి తేలింది. పూత తీయడం పెద్ద విద్యేమీ కాదు. ఇన్నాళ్లూ ఆ పూత కాసిన కాపలాను రేపటి నుంచి ఎవరు కాస్తారో ముందే తేల్చుకోవాలి. ఈ వ్యాసంలో ప్రతి పద్ధతినీ ఆ ప్రశ్నతోనే తూచాను.

నల్ల అలుగుకు పేరు తెచ్చింది రెండో ప్రపంచయుద్ధం. 1942 నవంబరులో అమెరికా మెరీన్ దళం ఏడంగుళాల అలుగున్న కత్తినొకదాన్ని ఎంచుకుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఓలియన్ ఊళ్లో ఉన్న యూనియన్ కట్లరీ అనే కంపెనీతో పాటు మరికొన్ని కంపెనీలూ దాన్ని తయారుచేశాయి. ఎవరు చేసినా సరే, యూనియన్ వాళ్ల ముద్ర పేరు ‘కా-బార్’ ఆ రకం కత్తులన్నిటికీ వాడుక పేరైపోయింది. అలుగు మీద వెలుతురు పడి తళుక్కుమంటే శత్రువుకు ఆచూకీ తెలుస్తుంది. పసిఫిక్ దీవుల ఉప్పుగాలికి కార్బన్ ఉక్కు రోజుల్లోనే ఎర్రబడుతుంది. ఈ రెండు బెడదలకూ మందుగా అలుగును మసక నలుపులోకి మార్చేవారు. అందుకు వాడిన పద్ధతుల్లో ఫాస్ఫేట్ స్నానం ముఖ్యమైనది. ఇంగ్లండులో థామస్ వాట్స్ కాస్లెట్ 1906లో పేటెంట్ తీసుకున్న ఆ పద్ధతిని అమెరికాలో పార్కర్ కంపెనీ మెరుగుపరిచింది. తుపాకుల మీద కనిపించే బూడిద నలుపును నేటికీ ‘పార్కరైజింగ్’ అనే అంటారు.

ఇప్పటి కత్తుల మీద ఎక్కువగా ఉండేది పౌడర్ కోటింగ్. విద్యుత్తు ఆవేశమిచ్చిన ప్లాస్టిక్ పొడిని అలుగు మీద చిమ్మి, సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర పొయ్యిలో ఉంచితే పొడి కరిగి గట్టి పొరగా అతుక్కుంటుంది. దాని మందం సాధారణంగా 60 నుంచి 100 మైక్రాన్లు, అంటే దాదాపు తలవెంట్రుకంత. కా-బార్, బెకర్, ఈఎస్ఈఈ లాంటి పేర్లతో వచ్చే కార్బన్ ఉక్కు కత్తులకు ఇదే కవచం. వీటిలో బాగా వాడేది 1095 రకం ఉక్కు. అందులో కార్బన్ 0.90 నుంచి 1.03 శాతం వరకు ఉంటుంది, క్రోమియం ఉండదు. కా-బార్ వాళ్లు దానికే కొద్దిపాటి క్రోమియం, వనాడియం కలిపిన రకం వాడతారు. కొద్దిపాటి క్రోమియంతో తుప్పు ఆగదు. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే కనీసం 10.5 శాతం కావాలి. అందుకే ఈ ఉక్కుకు పైన తొడుగు అవసరమైంది.

పూత వెనక తయారీదారు లెక్క కూడా ఒకటి ఉంది. అలుగును నున్నగా రుద్దడం మనుషుల చేత గంటలకొద్దీ చేయించాల్సిన పని. గరుకు పూత వేస్తే గ్రైండింగు గీతలు, కొలిమి మచ్చలు దాని కింద ఉండిపోతాయి. దీన్ని మోసం అనడం నాకు ఇష్టం లేదు. ఆ లెక్క వల్లే మంచి ఉక్కుతో చేసిన కత్తి మామూలు మనిషి కొనగలిగే ధరకు వస్తోంది. కానీ పూత తీయబోయేవాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. కింద అద్దంలాంటి ఉక్కు దొరుకుతుందని ఆశపడితే నిరాశ తప్పదు.

పని మొదలుపెట్టే ముందు అలుగు మీద ఉన్నది ఏ పూతో తెలుసుకోవాలి. ఈ ఒక్క అడుగు తప్పితే తర్వాతవన్నీ తప్పుతాయి. దాన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. అసిటోన్‌లో తడిపిన దూదితో రుద్దితే రంగు దూదికంటితే అది వట్టి లక్క లేదా వార్నిష్. కొన్ని జపాన్ కార్బన్ కత్తుల మీద, చైనా కూరగాయల కత్తుల మీద ఓడ ప్రయాణంలో తుప్పు పట్టకుండా ఇలాంటి పొర పూసి పంపుతారు. వాడేముందు దాన్ని తీసేయాలని అమ్మేవాళ్లే చెబుతారు. అసిటోన్‌కు చలించకుండా, మందంగా, గరుకుగా, గోటితో గీకితే ప్లాస్టిక్‌లా తోస్తే అది పౌడర్ కోటింగ్. ఒక చుక్క వెనిగర్ గానీ నిమ్మరసం గానీ వేసి కాసేపు ఉంచితే ఆ చోటు బూడిదరంగుకు తిరిగిందంటే అది బ్లాక్ ఆక్సైడ్ లేదా ఫాస్ఫేట్. ఈ రెండూ ఉక్కు పైపొరే రసాయనికంగా మారి ఏర్పడినవి. బ్లాక్ ఆక్సైడ్ అంటే మాగ్నెటైట్, సూదంటురాయి ఖనిజంలో ఉండేదే. దాని మందం మైక్రాన్ అటూ ఇటూ. అంత పలచని పొర తుప్పును తనంతట తాను పెద్దగా ఆపలేదు, నూనెను పట్టి ఉంచుతుంది. నిజంగా కాపాడేది ఆ నూనే. ఫాస్ఫేట్ స్ఫటికాలూ అంతే, వాటి సందుల్లో నూనె ఇంకి నిలుస్తుంది.

అసిటోన్‌కూ ఆమ్లానికీ దేనికీ చెక్కుచెదరని, సన్నగా నిగనిగలాడే నలుపో బంగారు రంగో అయితే అది శూన్యపు గదిలో ఆవిరి రూపంలో పేర్చిన పూత. టైటానియం నైట్రైడ్, వజ్రంలాంటి కార్బన్ ఈ కోవలోవి. వాటి మందం రెండు నుంచి నాలుగు మైక్రాన్లే, గట్టిదనం మాత్రం కింది ఉక్కుకు రెండు మూడు రెట్లు. స్వీడన్ మోరా కత్తుల్లో నల్లవాటికి, ఖరీదైన మడత కత్తులకు ఇలాంటి పూతలుంటాయి. వీటి జోలికి వెళ్లవద్దనే నేను చెబుతాను. వాటిని గోకడానికి వాడే సిలికాన్ కార్బైడ్ గింజలు పూత కంటే మరీ గట్టివేమీ కావు. పూత వదిలే లోపు, అది ముందే అరిగిపోయిన చోట్ల మెత్తటి ఉక్కు గుంటలు పడుతుంది. ఈ పూతలు కోతకు అడ్డం రావు, పెచ్చులుగా ఊడవు. తీసేస్తే పోయేదే తప్ప వచ్చేదేమీ లేదు. అమెరికాలో ఒరెగాన్ నుంచి వచ్చే సెరాకోట్ ఈ రెండు రకాలకూ మధ్యస్థం. సుమారు 25 మైక్రాన్ల పింగాణీ-పాలిమర్ పొర అది, ద్రావకాలకు లొంగదు. రాపిడి పొడిని గాలి ఒత్తిడితో కొట్టే బ్లాస్టింగ్‌తోనే పోతుంది.

కాబట్టి తీయదగ్గ పూత అంటే ప్రధానంగా మందపాటి పౌడర్ కోటింగే. దాన్ని తీయడానికి పెయింట్ రిమూవర్ దగ్గరి దారి. అలుగంతా దట్టంగా పట్టించి, ఆరిపోకుండా ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉంచితే పూత ముడతలు పడి లేస్తుంది. అప్పుడు చెక్క ముక్కతోనో ప్లాస్టిక్ గరిటెతోనో గీకేయవచ్చు. ఇంతవరకు అందరూ చెప్పేదే. ఆ డబ్బాలో ఏముందో మాత్రం చాలామంది చూడరు. అన్నిటికంటే చురుగ్గా పనిచేసేది మెథిలీన్ క్లోరైడ్. ఆ ద్రవం 40 డిగ్రీలకే మరుగుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఆ డబ్బా మూత తీస్తే, పొయ్యి మీద పెట్టకుండానే గదంతా ఆవిరితో నిండుతుంది. ఆ ఆవిరి ఒంట్లోకి వెళ్లాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారి రక్తంలోని ప్రాణవాయువుకు అడ్డుపడుతుంది. మూసిన గదుల్లో దీనితో పనిచేస్తూ మనుషులు చనిపోయారు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2019లో ఇళ్లలో రంగు తీయడానికి దీన్ని అమ్మకుండా నిషేధించింది, 2024లో ఆ నిషేధాన్ని మరిన్ని వాడకాలకు విస్తరించింది. మన హార్డ్‌వేర్ దుకాణంలో కొనేటప్పుడు డబ్బా మీది చిన్న అక్షరాలు చదవండి. బెంజైల్ ఆల్కహాల్ ఆధారంగా చేసిన రిమూవర్ దొరికితే అదే తీసుకోవడం మంచిది. నెమ్మదిగా పనిచేస్తుంది, రెండు మూడు విడతలు పూయాల్సి రావచ్చు. ఒక కత్తి కోసం ప్రాణం మీదికి తెచ్చుకోనక్కరలేదు.

పిడి సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి. మరలు విప్పి పిడి చెక్కలు తీసేసే వీలుంటే తీసేయాలి. కా-బార్‌లో తోలు బిళ్లలు వరసగా పేర్చి బిగించిన పిడి ఉంటుంది, అది ఊడి రాదు. తోలులోకి ద్రావకం ఇంకితే మళ్లీ బయటికి రాదు. అలాంటి కత్తికి రసాయనం మాని వాటర్ పేపరుతో రుద్దడమే నయం, ఎంత ఆలస్యమైనా.

కొందరు తొందరపడి మంట పెడతారు. ప్లాస్టిక్ పొరే కదా, గ్యాస్ స్టవ్ మీద కాలిస్తే బూడిదవుతుంది అనుకుంటారు. నిజమే, 300 డిగ్రీలు దాటితే అది మాడిపోతుంది. దాంతో పాటు కత్తి కూడా పాడవుతుంది. కొలిమిలో ఎర్రగా కాల్చి ముంచి గట్టిపరిచిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని మళ్లీ కొద్దిపాటి వేడిలో ఉంచి, పెళుసుదనం పోయి పదును నిలిచేంత గట్టిదనం మిగిలేలా చేస్తారు. 1095 ఉక్కుకు ఆ వేడి 200 డిగ్రీల పైచిలుకు. ఆ గీత దాటితే ఉక్కు మెత్తబడటం మొదలవుతుంది. శుభ్రమైన ఉక్కు మీద 220 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగు, 250 దాటాక గోధుమ రంగు, 300 దగ్గర నీలం పొడచూపుతాయి. కమ్మరులు తరతరాలుగా ఆ రంగులు చూసే వేడిని కొలిచారు. వాదర నీలంగా మారిందంటే దాని పదును ఇక నిలవదు, మళ్లీ కొలిమికెళ్లాలి. యాంగిల్ గ్రైండర్‌తో రుద్దేవాళ్లకూ ఇదే ప్రమాదం. వాదర పలచన కనుక వేడి ముందు అక్కడే చేరుతుంది.

బ్లాక్ ఆక్సైడ్, ఫాస్ఫేట్ పొరలు తీయడానికి వెనిగర్ చాలు. మన ఇళ్లలో ఇత్తడి తోమే చింతపండుకూ ఆ శక్తి ఉంది. రాత్రంతా నానబెట్టడం మాత్రం మంచిది కాదు. ఆమ్లం ఇనుమును తింటున్నప్పుడు పుట్టే హైడ్రోజన్‌లో కొంత ఉక్కులోకే దూరుతుంది. బాగా గట్టిపరిచిన ఉక్కును అది పెళుసు చేస్తుంది. స్ప్రింగులు, గట్టి బోల్టులు తయారుచేసేవాళ్లు యాసిడ్ పని తర్వాత వాటిని 190-220 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచేది ఈ హైడ్రోజన్‌ను వెళ్లగొట్టడానికే. కత్తి విషయంలో మధ్యమధ్య తీసి చూస్తూ, నలుపు వదలగానే ఆపి, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వేడినీళ్లు పోసి వెంటనే తుడిస్తే సరిపోతుంది. గంటలకొద్దీ ఆమ్లంలో వదిలేయాల్సిన అవసరమున్న పూతేదీ ఇందులో లేదు.

పూత లేచాక కనిపించే ఉక్కు చాలామందిని కంగారు పెడుతుంది. బూడిదరంగు మచ్చలు, సన్నటి గుంటలు, అడ్డగీతలు కనిపిస్తాయి. ఎథన్ బెకర్ రూపొందించిన కత్తుల్లో ఇది బాగా తెలిసిన సంగతి. ఆయన ‘జాయ్ ఆఫ్ కుకింగ్’ అనే ప్రసిద్ధ వంటల పుస్తకం రాసిన ఇర్మా రాంబౌర్ మనవడు. బీకే2 అనే ఆయన కత్తికి వెన్ను మందం పావు అంగుళం. పూత కింద అది గరుకుగా, నల్లటి మరకలతో బయటపడుతుంది. అది లోపం కాదు. కొలిమి వేడిలో ఉక్కు పైపొరలోని కార్బన్ గాలితో కలిసి పోతుంది, అక్కడ ఉక్కు మెత్తగా మిగులుతుంది. వాదర దగ్గర సాన పట్టేటప్పుడే ఆ పొర పోతుంది కాబట్టి కోతకు ఇబ్బంది లేదు. బల్లపరుపు భాగంలో దాన్ని పూర్తిగా తీయాలంటే చాలా ఉక్కు అరగదీయాలి. నా సలహా, దాన్ని అక్కడే ఉండనివ్వండి. మన ఊళ్లలో కమ్మరి చేసిన కొడవలినీ గొడ్డలినీ చూడండి. ఒళ్లంతా కొలిమి నలుపు ఉంటుంది, వాదర మాత్రం తెల్లగా మెరుస్తుంది. జపాన్‌లో కొలిమి నలుపును అలాగే ఉంచిన వంటకత్తులను ప్రత్యేకంగా అడిగి కొనుక్కుంటారు. పని కత్తికి ఆ రూపమే అందం.

అయినా నున్నగా చేయాలనుకుంటే అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. చేతికి ముఖ్యమైన సరంజామా వాటర్ పేపర్, అంటే నీటిలో తడిపి రుద్దే సిలికాన్ కార్బైడ్ కాగితం. ఈ రకాన్ని 1921లో త్రీఎమ్ కంపెనీ బజారులోకి తెచ్చింది. తడిపి రుద్దితే ధూళి లేవదు, గింజల సందులు పూడవు, ఉక్కు వేడెక్కదు. ముందు వాదరను మొద్దుచేసి, టేపు చుట్టి, అలుగును చెక్క పలక మీద కదలకుండా బిగించాలి. పట్టు జారితే తెగేది చెయ్యే. కాగితం వెనక గట్టి చెక్కో రబ్బరు దిమ్మో ఉండాలి. వేలితో నొక్కి రుద్దితే వేలున్న చోట గుంట పడుతుంది, మూలలు గుండ్రమవుతాయి, తయారీదారు పేరు చెరిగిపోతుంది.

పేపరు నంబర్ల విషయంలో ఒక చిక్కుంది. ముందు పి అనే అక్షరంతో వచ్చే 400 నంబరు కాగితంలో గింజ సుమారు 35 మైక్రాన్లు. పాత అమెరికా లెక్క ప్రకారం వచ్చే 400లో సుమారు 23. రెండు రకాలూ కలిపి వాడితే, పెద్ద నంబరుకు మారామనుకుంటూ ముతక గింజకే తిరిగి వెళతాం. ఒకే లెక్కలో 220, 400, 600, 1000 ఇలా వెళ్లాలి. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిశ కూడా మార్చాలి. ముందు అడ్డంగా రుద్దితే తర్వాత ఏటవాలుగా. అప్పుడు పాత గీతలు కొత్త గీతల మధ్య స్పష్టంగా కనిపిస్తాయి. అవి పూర్తిగా పోయేవరకు తర్వాతి నంబరు ముట్టుకోకూడదు. ఈ పనిలో అసహనం చూపినవాళ్లందరి అలుగుల మీదా అదే గుర్తు ఉంటుంది. పైన మెరుపు, వెలుతురులో వంచి చూస్తే అడుగున 220 నంబరు గీతలు. 600 నంబరు దగ్గర ఆపి, చివరిసారి పిడి నుంచి మొనదాకా ఒకే దిశలో పొడవుగా లాగితే వచ్చే మసక వెండి మెరుగే పని కత్తికి చాలు. అద్దంలా మెరిసే దాకా వెళ్లడం తప్పేమీ కాదు. నునుపు ఎక్కువైనకొద్దీ తేమ నిలవడానికి సందులు తగ్గుతాయి, తుప్పు ఆలస్యమవుతుంది కూడా. కానీ మొదటిసారి కట్టె చీల్చగానే దాని మీద పడే గీతలు మనసు చివుక్కుమనిపిస్తాయి. ఆ భయంతో కత్తిని పెట్టెలో దాచేస్తే ఇంత శ్రమా వృథా.

బ్లాస్టింగ్ షెడ్డుకు పంపడం ఇంకో దారి. బాలానగర్, జీడిమెట్ల లాంటి పారిశ్రామికవాడల్లో పౌడర్ కోటింగ్ చేసేవాళ్ల దగ్గర ఆ సదుపాయం ఉంటుంది. నిమిషాల్లో పూత పోతుంది. అయితే అలా కొట్టిన ఉక్కు ఉపరితలమంతా సన్నటి గుంటలతో నిండి, తేమను ఇట్టే పట్టేస్తుంది. అక్కడితో ఆపకుండా దాని మీద మరో పొర ఏదైనా తప్పకుండా వేయాలి. ఇసుకతో కొట్టించవద్దు. ఆ ధూళి పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ తెస్తుంది. అల్యూమినియం ఆక్సైడ్ పొడో గాజుపూసలో వాడమని అడగాలి. మన కత్తి నున్నబడటానికి ఇంకొకరి ఊపిరి తీసుకునే హక్కు మనకు లేదు.

ఇప్పుడు కాపలా ప్రశ్న. తెల్లబడిన కార్బన్ ఉక్కును ఏది కాస్తుంది?

నా దృష్టిలో అన్నిటికంటే మేలైనది మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నది. పాత కత్తిపీట అలుగు ఎప్పుడైనా గమనించారా? అరటికాయ, మామిడికాయ, వంకాయ కోసి కోసి అది నీలి నలుపుకు తిరుగుతుంది. కాయల్లోని ఆమ్లాలు, ఒగరునిచ్చే టానిన్లు ఇనుముతో కలిసి గట్టిగా అంటుకునే నల్లటి పొరను కడతాయి. ఎర్ర తుప్పు తీరు వేరు. అది గుల్లగా ఉబ్బి రాలిపోతుంది, కింద కొత్త ఇనుమును తేమకు అప్పగిస్తుంది. నల్లపొర రాలదు. తుప్పును పూర్తిగా ఆపలేదు కానీ బాగా నెమ్మదింపజేస్తుంది. ఫ్రాన్స్‌లో ఒపినెల్ కార్బన్ కత్తులు వాడేవాళ్లూ ఇదే పొరను మురిపెంగా పెంచుకుంటారు. ఓపిక లేనివాళ్లు దీన్ని బలవంతంగా రప్పిస్తారు. నూనె జిడ్డు పూర్తిగా పోయేలా కడిగిన అలుగును వెచ్చని వెనిగర్‌లో కాసేపు ఉంచడమో, ఆవపిండి ముద్ద చుక్కలు చుక్కలుగా పెట్టడమో, చిక్కటి కాఫీలో ముంచడమో చేస్తారు. మచ్చలు మచ్చలుగా వచ్చే ఆ రంగు నచ్చనివాళ్లకు ఫెర్రిక్ క్లోరైడ్ ఉంది. ఎలక్ట్రానిక్స్ బోర్డుల మీద రాగిని కరిగించే ద్రావణం అదే. హైదరాబాద్ కోఠీలో విడిభాగాలమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. ఒక వంతుకు మూడు నాలుగు వంతుల నీళ్లు కలిపి ముంచితే అలుగంతా ఒకే తీరు ముదురు బూడిదరంగు వస్తుంది. అందులోని క్లోరైడ్ మాత్రం ఉక్కుకు ఆగర్భ శత్రువు. సోడా నీళ్లలో బాగా ముంచి కడగకపోతే గీతల సందుల్లో మిగిలి, వారం తర్వాత ఎర్రగా బయటపడుతుంది.

ఇంకా శ్రద్ధ ఉన్నవాళ్లకు పాత తుపాకీ తయారీదారుల పద్ధతి ఒకటుంది. అలుగు మీద కావాలనే పలచగా ఎర్రతుప్పు పట్టిస్తారు. తర్వాత శుద్ధమైన నీళ్లలో మరిగిస్తే ఎరుపు నలుపుగా, అంటే మాగ్నెటైట్‌గా మారుతుంది. వదులుగా ఉన్న పొడిని సన్నటి తీగ బ్రష్‌తో తుడిచి మళ్లీ మొదలుపెడతారు. ఇలా పలుమార్లు చేస్తే మఖమల్‌లాంటి నిండు నలుపు వస్తుంది. ఈ పద్ధతికి అన్నిటికంటే ఎక్కువ కావాల్సింది ఓపిక. సీసాల్లో దొరికే ‘కోల్డ్ బ్లూ’ ద్రావణం క్షణాల్లో నల్లబరుస్తుంది. అందులో ఉండేవి సెలీనియం, రాగి లవణాలు. తినే వస్తువు కోసే కత్తికి దాన్ని వాడనేకూడదు, పైగా ఆ పొర త్వరగా అరిగిపోతుంది. పింగాణీ రాళ్లతో డ్రమ్ములో దొర్లించి తెచ్చే ‘స్టోన్‌వాష్’ మెరుగు కర్మాగారాల్లో బాగా నడుస్తుంది. కొత్త గీతలు పాత గీతల్లో కలిసిపోవడం దాని గుణం.

మళ్లీ పౌడర్ కోటింగే వేయించాలనుకుంటే పొయ్యి వేడి గుర్తుంచుకోవాలి. 1095 లాంటి ఉక్కు ఆ 200 డిగ్రీలను తట్టుకుంటుంది. 180 లోపు వేడిలోనే సిద్ధం చేసిన గట్టి జపాన్ వంటకత్తి తట్టుకోదు, దాని గట్టిదనం ఆ పొయ్యిలోనే కొంత తగ్గుతుంది.

స్టెయిన్‌లెస్ కత్తికి దారి వేరు. అందులోని క్రోమియం గాలితో కలిసి కంటికి కనిపించని కవచాన్ని తానే కట్టుకుంటుంది. రుద్దడం పూర్తయ్యాక 4 నుంచి 10 శాతం నిమ్మఉప్పు ద్రావణంలో కొద్దిసేపు ఉంచితే ఉపరితలం మీద అంటుకున్న ఇనుప రజను కరిగిపోయి ఆ కవచం శుభ్రంగా కుదురుకుంటుంది. మామూలు స్టీల్ ఊల్‌తో రుద్దితే దాని రజనే అలుగులో దిగి ఎర్ర చుక్కలవుతుంది. డీ2 అనే ఉక్కు విషయంలో పొరపడేవాళ్లు ఎక్కువ. అందులో సుమారు 12 శాతం క్రోమియం ఉన్నా, ఒకటిన్నర శాతం కార్బన్ దానిలో చాలా భాగాన్ని తనతో కట్టేసుకుంటుంది. కవచానికి మిగిలేది తక్కువ. పూత తీసిన డీ2 కత్తిని కార్బన్ కత్తిలాగే చూసుకోవాలి.

కొన్ని కత్తులను అసలు ముట్టుకోకూడదు. యుద్ధకాలపు కా-బార్ మీది మాసిన ఫాస్ఫేట్ పొర ఆ కత్తి వయసుకు సాక్ష్యం. దాన్ని గీకి మెరిపిస్తే సేకరించేవాళ్ల దృష్టిలో విలువ పోతుంది, చరిత్ర దృష్టిలో అంతకంటే ఎక్కువ పోతుంది. ఈ విషయంలో మన నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు దిమ్మల కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దం తొలినాళ్లలో ఆ ప్రాంతాన్ని చూసిన హెన్రీ వెస్లీ వోయ్సీ రాశాడు. అలాంటి ఉక్కుతో చేసిన ఖడ్గాల మీద నీటి అలల్లాంటి చారలుంటాయి. రుద్ది నునుపు చేశాక అన్నభేది లాంటి ఇనుప లవణం ద్రావణం పూస్తేనే ఆ చారలు తేలతాయి. కార్బైడ్ గింజలు తెల్లగా నిలుస్తాయి, చుట్టూ ఉక్కు నల్లబడుతుంది. అంటే చివరి మెరుగు లేకపోతే ఆ ఉక్కు గొప్పతనం కంటికి కనిపించదు. తర్వాతి కాలంలో యజమానులు, దుకాణదారులు శుభ్రం చేస్తున్నామనుకుని ఎన్నో ఖడ్గాలను తళతళలాడేలా తోమేశారు, చారలు పోయాయి. మళ్లీ రప్పించవచ్చు గానీ, తోమిన ప్రతిసారీ పోయిన ఉక్కూ పాతకాలపు పనివాడి చేతి గుర్తులూ తిరిగిరావు. తాతల నాటి కత్తి ఇంట్లో ఉంటే మెత్తటి గుడ్డ, నూనె తప్ప మరేదీ తగలనివ్వకండి. సాలార్ జంగ్ మ్యూజియం ఆయుధాల గదికి ఒకసారి వెళ్లి చూసొచ్చాక గరుకు కాగితం అందుకోవడానికి చెయ్యి రాదు.

మిగిలినవాటి విషయంలో నా తీర్పు ఇది. మందపాటి ప్లాస్టిక్ పూతతో, మామూలు కార్బన్ ఉక్కుతో, ఇప్పుడూ బజారులో దొరికే కత్తి అయి ఉండి, దాన్ని తరచూ వాడేవాళ్లయితే పూత తీయండి. కోత తేలికవుతుంది, ఉక్కు స్థితి కంటికి కనిపిస్తుంది, కత్తికీ చేతికీ చనువు పెరుగుతుంది. 600 నంబరు దాకా రుద్ది, నల్లపొర కట్టించి, నూనె రాయండి. నెలలకొద్దీ సంచిలో పడుండే కత్తి అయితే పూతను అలాగే ఉంచండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉండేవాళ్లు ఇంకాస్త ఆలోచించుకోవాలి. ఉప్పుగాలిలో తెల్లటి కార్బన్ ఉక్కు ఒక్క రాత్రిలో ఎర్రటి చుక్కలు తెచ్చుకుంటుంది.

నూనెల్లో అన్నీ ఒకటి కావు. అవిసె నూనె ఆరి గట్టిపడుతుంది, నువ్వుల నూనె కొన్నాళ్లకు బంకగా మారుతుంది. ఆముదం, కొబ్బరినూనె ఆరిపోవు. ఆముదం చిక్కగా ఉండి ఉక్కును వదలదు, కొబ్బరినూనె తినే వస్తువులకు తగిలినా బెంగ లేదు. జపాన్‌లో కమేలియా గింజల నూనె రాస్తారు. ఏదైనా పలచగా, గుడ్డతో తుడిచేసినట్టు రాస్తే చాలు. తోలు ఒరలో పెట్టి నెలలు వదిలేయవద్దు. తోలు తేమను పీల్చుకుని అలుగుకు ఆనించి ఉంచుతుంది, తోలును శుద్ధిచేసేటప్పుడు వాడిన లవణాలూ అందులో మిగిలి ఉంటాయి. పని అయ్యాక కడిగి, తుడిచి, విడిగా పెట్టాలి. మొదటి వానాకాలంలో వారానికోసారి వెలుతురులో వంచి చూడండి. ఎర్ర చుక్క కనిపిస్తే ఆ రోజే నూనెలో తడిపిన 1000 నంబరు పేపరు ముక్కతో అంతమేరకే నెమ్మదిగా రుద్ది, తుడిచి, మళ్లీ నూనె రాయండి. చుట్టూ ఉన్న నల్లపొరను కదపనక్కరలేదు. రుద్దిన చోట తెల్లగా బయటపడ్డ ఉక్కు, ఆ తర్వాత కోసిన కూరగాయలతోనే మళ్లీ నల్లబడుతుంది.